నెలకి రెండు వేలు, ఐదు ఇళ్లు, ఒక స్టీలు డబ్బా

మా తమ్ముడికి బోనస్ వచ్చిందంటే ఇంట్లో అందరికీ టెన్షన్. ఒక ఏడాది పుత్తూరు దగ్గర తోతాపురి మామిడి తోట కౌలుకు తీసుకుంటానన్నాడు. గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు ఎంతసేపు నిలబడతాయో మా ఆయన రెండు గంటలు కూర్చోబెట్టి చెప్పి మాన్పించాడు. ఇంకో ఏడాది డ్రోను కొన్నాడు, అది మా మేనత్త వాళ్ల టెంకాయ చెట్టులో ఇప్పటికీ ఉంది. 2024 ఆగస్టులో బెంగళూరు నుంచి వచ్చినప్పుడు మాత్రం, రాత్రి అన్నాలయ్యాక మిద్దె మీద చాప వేసుకుని కూర్చుని, "అక్కా, ఈసారి దుడ్లు ఊరికే ఇచ్చేద్దాం" అన్నాడు.

"ఎవురికి?"

"లేనోళ్లకి. నెలనెలా. ఎందుకు, ఏమిటి అని అడగకుండా."

అంతకుముందు నెలే అమెరికాలో ఒక పెద్ద ప్రయోగం ఫలితాలు బయటికొచ్చాయట, వాడు అవి చదివి ఉన్నాడు. టెక్సస్, ఇల్లినాయ్ రాష్ట్రాల్లో తక్కువ ఆదాయం ఉన్న 1,000 మందిని లాటరీలాగా ఎంచి, మూడేళ్లపాటు నెలకి 1,000 డాలర్లు ఇచ్చారు. పోల్చి చూసుకోడానికి ఇంకో 2,000 మందికి నెలకి 50 డాలర్లు మాత్రం ఇచ్చారు. చాట్‌జీపీటీ శామ్ ఆల్ట్‌మన్ డబ్బులు కూడా అందులో ఉన్నాయి. బేసిక్ ఇన్‌కమ్ అంటారు దీన్ని, అంటే బియ్యం కాదు, నూనె కాదు, లోను కాదు, చేతికి డబ్బే, నెలనెలా, ఏ షరతూ లేకుండా. అసలు సిద్ధాంతం ప్రకారం ఉన్నోళ్లకీ లేనోళ్లకీ అందరికీ ఇవ్వాలి, కానీ ప్రయోగాలు చేసేవాళ్లు చాలామంది పేదవాళ్ల దగ్గరే ఆగిపోతారు, ఖర్చు కదా మరి.

పక్కనే మా పిన్నమ్మ వక్క కత్తిరిస్తా ఉంది. కార్వేటినగరం దగ్గర పల్లెలో ఒంటరిగా ఉంటుంది, బిడ్డలు లేరు, చిన్నాన్న పోయి పదేళ్లు. "ఊరికే దుడ్లిస్తే ఎవురు పని చేస్తార్రా?" అంది. "మరి నీ పింఛను?" అన్నాడు వాడు. ఆ జులైలోనే పింఛను 3,000 నుంచి 4,000 అయింది, పాత మూడు నెలల తేడా కూడా కలిపి ఒకేసారి 7,000 ఇచ్చారు, ఆమె ఆ నోట్లు ఊళ్లో అందరికీ చూపించింది. "అది నా పింఛను. అది వేరే" అంది. ఎట్లా వేరే అని వాడు అడిగితే వక్క నోట్లో వేసుకుని కొండకేసి చూస్తూ కూర్చుంది.

సరే. నేను ఆడిటర్ ఆఫీసులో పదిహేడేళ్లుగా లెక్కలు రాస్తున్నా. నాకు ఇచ్చేదానికంటే రాసుకునేదాని మీద ఆశ ఎక్కువ. తమ్ముడు, నేను, స్కూల్లో నాతో చదివిన ఒక టీచరు, ముగ్గురం తలా నలభై వేలు వేసుకున్నాం. మొత్తం 1,20,000. ఐదు ఇళ్లకి, నెలకి 2,000 చొప్పున, పన్నెండు నెలలు. అక్టోబరులో మొదలు.

ఎవరికి అన్నది మొదటి తగాదా. నాకు పూలక్క తెలుసు, తిరుచానూరు రోడ్డులో మా సందు మొదట్లో బుట్ట పెట్టుకుని కూర్చుంటుంది. బయటూరివాళ్లకి తెలియదు కానీ, కొండ మీద ఆడవాళ్లు పూలు పెట్టుకోరు, పూలన్నీ స్వామికే. అందుకని తిరుపతిలో పూల వ్యాపారమంటే కొండకి పోయేవాళ్లని నమ్ముకుంటే కుదరదు, అమ్మవారి గుడికి పోయేవాళ్లు, ఊళ్లో మాలాంటివాళ్లే దిక్కు. "పూలక్కకి ఇద్దాం" అన్నాను. "అక్కా, నీకు నచ్చినోళ్లకి ఇస్తే అది దానం, ప్రయోగం కాదు" అన్నాడు తమ్ముడు. వాడు చెప్పిందీ నిజమే. ఫిన్లాండులో 2017, 2018 రెండేళ్లు ఇలాంటిదే ప్రభుత్వం చేసింది. నిరుద్యోగుల్లోంచి 2,000 మందిని కంప్యూటర్ ఎంచింది, వాళ్లకి ఇష్టమా కాదా అని కూడా అడగలేదు, నెలకి 560 యూరోలు, మధ్యలో ఉద్యోగం దొరికినా ఆపకుండా ఇచ్చారు. మనం ఎంచితే మంచివాళ్లనే ఎంచుతాం, తర్వాత వాళ్లు బాగుపడితే డబ్బు వల్లనా, వాళ్ల మంచితనం వల్లనా అన్నది ఎప్పటికీ తేలదు.

కాబట్టి జీవకోనలో పూలక్క ఉండే సందు మొత్తాన్నీ లెక్కలోకి తీసుకున్నాం. కొండ కిందకి ఆనుకుని ఉంటుంది, పద్నాలుగు ఇళ్లు. పద్నాలుగు చీట్లు రాసి మా ఇంట్లో కాఫీపొడి స్టీలు డబ్బాలో వేసి, ఆ సందులోనే ఏడేళ్ల పాపతో ఐదు తీయించాం. మూడో చీటీ పూలక్కది వచ్చింది. నిజంగా వచ్చింది, నేనేమీ మడత గుర్తు పెట్టలేదు, తమ్ముడు మాత్రం ఇప్పటికీ నమ్మడు.

మిగిలిన తొమ్మిది ఇళ్ల సంగతి మేము ఎవరమూ ఆలోచించలేదు. చీట్లు తీసిన సాయంత్రమే ఒకామె వచ్చి "మేడం, మా పాప తీస్తే మా చీటీ రాలా, వేరే పిల్ల చేత తీయించుంటే వచ్చుండు" అని ఏడ్చింది. ఆ పాపని వాళ్లమ్మ కొట్టిందని తర్వాత తెలిసింది. పోల్చి చూసే గుంపు అని పుస్తకాల్లో ఎంత శుభ్రంగా రాస్తారో, ఆ గుంపులో ఉన్నవాళ్ల గుమ్మం ముందు నిలబడి "మీకు రాదు, కానీ మీ లెక్కలు కూడా మాకు చెప్తారా" అని అడగడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. అమెరికావాళ్లు ఆ 50 డాలర్లు ఎందుకు ఇచ్చారో కూడా. మధ్యప్రదేశ్‌లో 2011, 2012లో సేవా అనే మహిళా సంఘం వాళ్లు, యూనిసెఫ్ సాయంతో చేసినప్పుడు ఇంకా తెలివిగా చేశారు. ఊరికి ఊరంతా ఇచ్చేశారు. ఎనిమిది ఊళ్లు, తర్వాత ఒక గిరిజన గ్రామం. పెద్దవాళ్లకి నెలకి 200, పిల్లలకి 100, ఏడాది తర్వాత 300, 150. ఇవ్వని ఊళ్లు ఎక్కడో వేరే ఉన్నాయి. పక్కింటావిడకి వచ్చి తనకి రాకపోవడమన్న గొడవే లేదు. మేము ఒకే కుళాయి దగ్గర నీళ్లు పట్టుకునేవాళ్లని రెండు ముక్కలు చేశాం.

మొదటి నాలుగు నెలలు నేనే ఐదో తారీకు సాయంత్రం ఆఫీసు అయ్యాక స్కూటీ మీద పోయి కవర్లో పెట్టి ఇచ్చేదాన్ని. అడగకూడదని తమ్ముడి రూలు. నేను అడిగాను. ఒప్పుకుంటున్నా. నేరుగా అడగను, "ఏమ్మా, ఈ నెల పాపకి చెప్పులు కొన్నట్టున్నావే?" అని అడుగుతా. వాళ్లు చెప్తారు. చెప్పేదాంట్లో ఎప్పుడూ పిల్లల చదువు, మందులు, బియ్యం, ఈ మూడే ఉంటాయి. ఐదు ఇళ్లలో నాలుగు నెలల్లో ఒక్కరు కూడా సినిమాకి పోలేదంటే నేను ఎట్లా నమ్మాలి? పుస్తకంలో మాత్రం రాసుకున్నా, గళ్లు గీసి మరీ.

పూలక్క ఇంకో పని మొదలుపెట్టింది. మల్లెపూలు మూర అడిగితే మూరన్నర కొలిచేది. మోచేతి దగ్గర మొదలుపెట్టి వేళ్ల చివర ఆపాలి కదా, ఆపకుండా ఇంకో చుట్టు తిప్పేది. దుడ్లు తీస్తే "ఉండనీలే అక్కా" అనేది. అంతకుముందు నన్ను "ఏమ్మా" అనేది, బేరం ఆడితే "ఇరవైకి మూర యాడొస్తాది, పోమ్మా" అని బుట్ట మీద గుడ్డ కప్పేసేది. కవరు మొదలయ్యాక అక్క అయిపోయాను. ఆమె నాకంటే ఎనిమిదేళ్లు పెద్దది. రెండు నెలలు ఆ పూలు తల్లో పెట్టుకుని తిరిగాను గానీ, రోజుకి అర మూర, నెలకి ఎంత అయింది అని ఒక రాత్రి లెక్కవేస్తే మూడు వందలు దాటింది. నేను ఇచ్చిన రెండు వేలలో మూడు వందలు పూల రూపంలో నాకే తిరిగొస్తోంది. ఆడిటర్ ఆఫీసులో దీనికి వేరే పేరుంది, ఇక్కడ రాయను.

ఐదో నెల, ఫిబ్రవరిలో, నా తప్పు జరిగింది. అమ్మకి కంటి ఆపరేషన్, ఆ హడావుడిలో ఐదో తారీకు పోయింది, పదమూడున గుర్తొచ్చింది. ఎనిమిది రోజులే కదా అనుకుని కవర్లు పట్టుకుని పోతే ఎవరూ ఏమీ అనలేదు. అందరూ నవ్వుతూ తీసుకున్నారు. చివరి ఇంట్లో పాచిపనులు చేసే ఆమె చెవులకి కమ్మలు లేవు, వేపపుల్లలు పెట్టుకుని ఉంది. అడగకూడదన్న రూలు ఎట్లాగూ పోయింది కాబట్టి అడిగాను. కూతురు ఇంటర్ రెండో ఏడాది, ఒక ప్రైవేటు కాలేజీ. బాకీ కడితేనే హాల్ టికెట్ అన్నారట. ఆరో తారీకు తెస్తానని మాటిచ్చింది, ఎందుకంటే ఐదో తారీకు నేను వస్తానని ఆమె లెక్క. నేను రాలేదు. ఏడున కమ్మలు కుదువ పెట్టింది. "మీరేం చేస్తారులే మేడం, మీకు మాత్రం పనులుండవా" అంది.

ఆ రోజు స్కూటీ కొండవైపు పోనిచ్చి, అలిపిరి దగ్గర ఒక పక్కన ఆపుకుని కాసేపు కూర్చున్నాను. ఇచ్చేది రెండు వేలు అని నేను అనుకుంటున్నా. ఆమె తీసుకున్నది ఐదో తారీకు. ఆ తేదీ మీద ఆమె ఒక మాట ఇచ్చింది, కాలేజీలో ఒక గుమాస్తా ముందు కాస్త గట్టిగా నిలబడింది, ఆ నిలబడటాన్ని నేను పడగొట్టాను. డబ్బు అసలు లేకపోయుంటే ఆమె ఆరో తారీకు అని చెప్పి ఉండేదే కాదు, ఇంకేదో దారి ముందే చూసుకుని ఉండేది. కమ్మలు విడిపించడానికి అసలు, వడ్డీ కలిపి ఎంతయిందో అంత ఆ రాత్రే తీసుకుపోయి ఇచ్చాను. ప్రయోగం నియమాల ప్రకారం అది కూడా తప్పే.

మా పిన్నమ్మ "అది వేరే" అన్నదానికి అర్థం నాకు అప్పుడు కాస్త తెలిసింది. ఒకటో తారీకు పొద్దున్నే ఆమె నాలుగింటికి లేచి వాకిలి ఊడ్చి ముగ్గేసి కూర్చుంటుంది. సచివాలయం పిల్లోడు వస్తాడు, వేలిముద్ర పెట్టించుకుంటాడు, నోట్లు లెక్కపెట్టి చేతిలో పెడతాడు, పోతాడు. వాడు ఆమెని ఏమీ అడగడు. ఆమె వాడికి పూలు ఇవ్వదు, ఒకసారి కాఫీ ఇవ్వబోతే "అవ్వా, ఇంకా నలభై ఇళ్లుండాయి" అని పారిపోయాడట. ఒకటో తారీకు ఆదివారమైతే ముందురోజే వస్తుంది కూడా. రాష్ట్రంలో అరవై లక్షల మందికి పైగా ఇట్లా ఇస్తున్నారు, నెలకి దాదాపు 2,700 కోట్లు. ఏ దేశం నుంచి ఎవరొచ్చి బేసిక్ ఇన్‌కమ్ చూపించమన్నా నేనైతే ముందు వాళ్లని ఒకటో తారీకు తెల్లవారుజామున మా పిన్నమ్మ వాకిట్లో కూర్చోబెడతా.

గుడియాత్తంలో మా పెద్దమ్మ కూతురుంది, చిత్తూరు నుంచి బస్సెక్కితే ఎంతసేపో పట్టదు, మధ్యలో బార్డరు దాటినట్టే తెలియదు. ఆమెకి 2023 సెప్టెంబరు 15 నుంచి తమిళనాడు ప్రభుత్వం నెలకి 1,000 బ్యాంకులో వేస్తోంది. కోటి మందికి పైగా ఆడవాళ్లకి వేస్తున్నారు. దాని పేరు మగళిర్ ఉరిమై తొగై. ఉరిమై అంటే హక్కు. సాయం కాదు, కానుక కాదు, హక్కు సొమ్ము. ఆ పేరు పెట్టినవాళ్లకి దండం పెట్టాలి. మా పెద్దమ్మ కూతురు ఫోన్లో ఆ మెసేజ్ వచ్చినప్పుడు "నా ఉరిమై వచ్చింది" అంటుంది, కరెంటు బిల్లు వచ్చింది అన్నట్టు, అంత మామూలుగా.

మార్చి నుంచి పద్ధతి మార్చాం. తమ్ముడి అకౌంట్ నుంచి ఐదో తారీకు వాటంతటవే ఐదు అకౌంట్లకి పోయేలా బ్యాంకులో పెట్టేశాడు. నేను ఆ సందుకి పోవడం మానేశా. ఏప్రిల్ చివరికల్లా పూలక్క మూర మూరే అయింది. మే నెలలో గంగమ్మ జాతరప్పుడు ముహూర్తాలు కూడా కలిసొచ్చి పూలు మండిపోతుంటే, "నలభై కంటే తక్కువకి వచ్చేదే లేదు, కావాలంటే తీసుకో" అని నా మొహం కూడా చూడకుండా ఇంకొకరికి కట్ చేసిచ్చింది. మా ఆయనకి చెప్తే "దానికి నవ్వుతావేంటి, నలభై ఇచ్చొచ్చి" అన్నాడు.

ఇక డబ్బు ఏమైంది అని అందరూ అడిగేది. తెలిసినంత చెప్తా, ఇప్పుడు నేను అడగడం లేదు కాబట్టి వాళ్లంతట వాళ్లు చెప్పిందే.

పూలక్కకి రోజు ఫైనాన్స్ ఉండేది. తెలియనివాళ్ల కోసం: పదివేలు అప్పు అని రాస్తారు, చేతికి తొమ్మిది వేలే ఇస్తారు, రోజుకి వంద చొప్పున వంద రోజులు కట్టాలి. వినడానికి వెయ్యి రూపాయలే వడ్డీ. కానీ మొదటి రోజు నుంచే అసలు తిరిగి కడుతూ వస్తాం కదా, అట్లా లెక్కవేస్తే ఏడాదికి 75 శాతం పైనే పడుతుంది. వర్షం వచ్చి బుట్ట తెరవని రోజు కూడా బండిమీద వాడు వస్తాడు. వంద రోజులు అయ్యేలోపే ఇంకోటి తీసుకుంటారు, పాతదాంట్లో మిగిలింది పట్టుకుని మిగతాది ఇస్తారు. పూలక్క పదకొండేళ్లుగా ఆ చక్రంలోనే ఉంది. జూన్ నుంచి లేదు. మార్కెట్లో విడిపూలు కొనడానికి తెల్లవారుజామున తన దుడ్లతోనే పోతోంది. "వాడి బండి సౌండు వింటే ఇప్పటికీ కడుపులో తిప్పుతాది, కానీ ఆగకుండా పోతాడు" అంది. మధ్యప్రదేశ్‌లో కూడా అప్పులు తగ్గాయనీ, సొంత పని చేసుకునేవాళ్లు పెరిగారనీ చెప్పారు. అక్కడ తాగుడు పెరగలేదని కూడా చెప్పారు.

మా దగ్గర ఒక ఇంట్లో తాగుడు పెరిగింది. దాచడమెందుకు. కవరు ఆమె చేతికి ఇచ్చినన్నాళ్లు ఆమె దగ్గరే ఉండేది, బ్యాంకులో వేసినప్పుడు ఏటీఎం కార్డు మొగుడి జేబులో ఉందని మేము కనుక్కోలేదు. అప్పటి నుంచి ఆయనే తీసుకున్నాడు. ఆగస్టులో ఆమె వేరే అకౌంట్ తెరుచుకుని నాకు నంబరు పంపింది, ఒక్క ముక్క రాయలేదు, నంబరు మాత్రమే. ఐదింటిలో ఒకటంటే ఇరవై శాతం అని మా టీచరు ఫ్రెండు బాధపడింది. ఐదు ఇళ్లకి శాతాలు కట్టకూడదని ఆడిటర్ ఆఫీసులో పనిచేసే నేను చెప్పాల్సి వచ్చింది.

కమ్మల ఆమె మూడు ఇళ్లలో పాచిపని చేసేది, జులైలో ఒకటి మానేసింది. పిన్నమ్మకి చెప్పగానే "చూశావా!" అంది. అమెరికా ప్రయోగంలో కూడా డబ్బు వచ్చినవాళ్లు వారానికి సగటున గంటా ఇరవై నిమిషాల దాకా తక్కువ పని చేశారు, పేపర్లు దాన్నే పెద్ద అక్షరాల్లో రాశాయట. ఫిన్లాండులో మాత్రం కాస్త ఎక్కువే చేశారు, రెండో ఏడు సగటున ఆరు రోజులు. నాకు ఈ రెంటిలో ఏది గొప్పదో అర్థం కాలేదు. ఆమె మానేసిన ఇల్లు మూడో అంతస్తు, లిఫ్టు లేదు, మధ్యాహ్నం రెండింటికి పోవాలి. ఇప్పుడు మధ్యాహ్నం పడుకుంటుంది. నలభై మూడేళ్లకి మొదటిసారి పగలు పడుకున్నానంది. అది సోమరితనమైతే, నేను ఆదివారం పడుకునేదాన్ని ఏమనాలి?

జాతర నెలలో ఒక ఇంట్లో రెండు వేలూ కోడికి, చీరకి, చుట్టాలకి అయిపోయాయి. నేను ఆ జాతరకి పెట్టిన ఖర్చు ఇంకా ఎక్కువ, కాబట్టి ఆ విషయం ఇక్కడితో వదిలేస్తున్నా.

అసలు విశేషం చీటీ. ఏప్రిల్లో పూలక్కా, కమ్మల ఆమే, ఇంకో ఇంటావిడా కలిసి పది మందితో నెలకి వెయ్యి చీటీ కట్టారు. పాట చీటీ కాదు, పాడితే వచ్చే మొత్తంలో కొంత కోత పోతుందని డిప్పు పద్ధతి, అంటే ఎవరి పేరు తీస్తే ఆ నెల మొత్తం వాళ్లకి. మా ఐదుగురిలో ముగ్గురే అందులో ఉన్నారు. మిగతా ఏడుగురూ మా డబ్బాలోంచి పేరు రాని ఇళ్లవాళ్లు! వాళ్లు అంతకుముందు చీటీ కట్టేవాళ్లు కాదు, ఎందుకంటే ఒకరు ఎగ్గొడితే అందరూ మునుగుతారని భయం. ఇప్పుడు ముగ్గురికి ఐదో తారీకు ఖాయంగా డబ్బు వస్తుంది, ఆ ముగ్గురినీ నమ్ముకుని మిగతావాళ్లు చేరారు. మొదటి డిప్పు ఎవరికి వచ్చిందో తెలుసా? మా చీట్లు తీసిన పాప వాళ్లమ్మకి. పదివేలతో పాత కుట్టుమిషను కొనింది, మిగిలింది మా వీధిలో ఒక టైలరుకి బాకీ కట్టింది.

తమ్ముడికి ఫోన్ చేసి చెప్తే తల పట్టుకున్నాడు. "అక్కా, నీ పోల్చి చూసే గుంపు మొత్తం పాడైపోయింది!" రెండు రోజుల తర్వాత వాడే ఫోన్ చేశాడు. కెన్యాలో గివ్‌డైరెక్ట్‌లీ అనే సంస్థ వందల ఊళ్లలో ఇదే పని చేస్తోంది, కొన్ని ఊళ్లకి పన్నెండేళ్లపాటు నెలనెలా, కొన్నింటికి రెండేళ్లే, కొన్నింటికి మొత్తం ఒకేసారి. నోబెల్ వచ్చిన అభిజిత్ బెనర్జీ వాళ్లు లెక్కలు చూస్తే, వ్యాపారం పెట్టుకోవడానికి నెలనెలా రెండేళ్లు ఇచ్చినదానికంటే ఒకేసారి ఇచ్చిన పెద్ద మొత్తమే ఎక్కువ పనికొచ్చిందట. పన్నెండేళ్లు వస్తుందని తెలిసినవాళ్లు మాత్రం ఏం చేశారంటే, పదిమంది కలిసి నెలనెలా వేసుకుని ఒక్కొక్కరు ఒక్కో నెల మొత్తం తీసుకున్నారు. "చీటీ అక్కా! కెన్యాలో కూడా చీటీలే!" వాడు అంత సంతోషపడటం డ్రోను కొన్నప్పుడు కూడా చూడలేదు.

ఇదంతా రాష్ట్రం మొత్తానికి చేయొచ్చా అని ఆఫీసులో ఒకాయన అడిగాడు. కాలిక్యులేటర్ అక్కర్లేదు. ఐదు కోట్ల మంది, నెలకి వెయ్యి అంటే ఏడాదికి 60,000 కోట్లు. 2025-26 రాష్ట్ర బడ్జెట్ 3.22 లక్షల కోట్లు. ఐదోవంతుకి కాస్త తక్కువ. పింఛన్లు ఇప్పటికే 32,000 కోట్ల దాకా తీసుకుంటున్నాయి. 2016-17 కేంద్ర ఆర్థిక సర్వేలో అప్పటి ముఖ్య ఆర్థిక సలహాదారు అరవింద్ సుబ్రమణియన్ మనిషికి ఏడాదికి 7,620 రూపాయలని లెక్క కట్టి, నూటికి 75 మందికి ఇస్తే జీడీపీలో 4.9 శాతం అవుతుందని రాశాడు. అంత డబ్బు ఎక్కణ్నుంచి అన్నది న్యాయమైన ప్రశ్నే, నా దగ్గర జవాబు లేదు, ఏదో ఒకటి ఆపకుండా ఇది రాదు. అయితే ఎవరికి ఇవ్వాలో ఏరడం మొదలుపెడితే దానికీ ఖర్చుంది. రేషను కార్డుకి కరెంటు 300 యూనిట్లు దాటకూడదని రూలు. జీవకోన సందులో ఒకే మీటరు మీద మూడు కాపురాలున్నాయి. మూడు ఇళ్ల ఫ్యాన్లు కలిస్తే ఎండాకాలంలో ఒక ధనవంతుడి కరెంటు బిల్లు అవుతుంది. వాళ్లలో ఒకాయన కార్డు కోసం సచివాలయం చుట్టూ తిరిగిన రోజుల కూలి లెక్కేస్తే మా నాలుగు నెలల రెండు వేలు పోయినట్టే.

సెప్టెంబరు ఐదుతో పన్నెండు నెలలు అయిపోయింది. ముందుగా చెప్పి ఉంచాలి కదా అని ఆగస్టు చివర్లో పోతే, నేను నోరు తెరవకముందే పూలక్క "ఇంకొక్కసారి వస్తాది, తెలుసులే" అంది. తేదీలు నాకంటే బాగా గుర్తున్నాయి ఆమెకి. కెనడాలో డాఫిన్ అనే ఊళ్లో 1974లో మొదలుపెట్టి నాలుగైదేళ్లు ఇలాగే ఇచ్చి, ప్రభుత్వం మారాక ఆపేశారు. లెక్కలు చూడటానికి కూడా డబ్బు లేక 1,800 అట్టపెట్టెల్లో కాగితాలు పడేసి ఉంచారు. ముప్పై ఏళ్ల తర్వాత ఎవెలిన్ ఫర్జే అనే ఆర్థికవేత్త ఆ పెట్టెలు వెతికి పట్టుకుని, ఆసుపత్రి రికార్డులు కూడా తీసి చూస్తే, ఆ రోజుల్లో ఆసుపత్రిలో చేరినవాళ్లు 8.5 శాతం తగ్గారని తేలింది. ఆపేసిన నెల ఆ ఊళ్లో ఎట్లా గడిచిందో ఆ పెట్టెల్లో ఏదైనా ఉందో లేదో. నా పుస్తకంలో అక్టోబరు పేజీకి గళ్లు గీసి ఉన్నాయి, ఏమీ రాయలేదు.

అక్టోబరు ఆరున, ఆఫీసు నుంచి వస్తుంటే ఆ పాప నా స్కూటీ ఆపింది. ఇప్పుడు ఎనిమిదేళ్లు, ముందరి పళ్లు వచ్చేశాయి. "ఆంటీ, మిగిలిన తొమ్మిది చీట్లు యాడున్నాయి? ఇప్పుడు మా వంతే కదా?" అంది. సందులో అందరూ ఇదే అనుకుంటున్నారని అర్థమైంది. మేము పోల్చి చూసే గుంపు అనుకున్నాం, వాళ్లు వరుసలో నిలబడి ఉన్నామనుకున్నారు. ఏడాది పాటు.

చీట్లు మా బీరువాలో ఆ స్టీలు డబ్బాలోనే ఉన్నాయి, పారేయలేదు. టీచరు ఫ్రెండు ఈసారి తన వల్ల కాదంది, కొడుకు ఇంజనీరింగ్‌లో చేరాడు. రాత్రి తమ్ముడికి ఫోన్ చేసి పాప అడిగింది చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అప్రైజల్ మార్చిలో అక్కా" అన్నాడు. వెనకాల వాళ్లావిడ "ఎవరికి, ఏంటి?" అని అడగడం వినిపించింది.